మనం ఏ వర్గం కింద ఉంటాం?

ఒక వేసవిలో మేము పది పన్నెండు మందిమి ఒక ఆశ్రమ పాఠశాల గదిలో మూడు రోజులు కూర్చున్నాం. కొందరం పాఠాలు చెప్పేవాళ్లం, కొందరు డిగ్రీ చదివే పిల్లలు. మాలో కోయలు, కొండదొరలు, లంబాడీలు, ఎరుకలవాళ్లు ఉన్నారు. తెలుగు వికీపీడియాలో మన పండుగల గురించీ ఊళ్ల గురించీ పేజీలు రాయాలని మా ఆలోచన. రెండో రోజు సాయంత్రానికి కోయల విత్తనాల పండుగ మీద ఒక పేజీ తయారైంది. తొలకరికి ముందు ఇంటింటి విత్తనాలూ ఒకచోట చేర్చడం, భూమికి మొక్కడం, ఆ తర్వాతే పంచుకుని పొలానికి తీసుకుపోవడం, అన్నీ వరసగా రాశాం. చదివి వినిపిస్తే మాతో ఉన్న పెద్దాయన తల ఊపాడు.

ఇక ఒక్క పనే మిగిలింది. పేజీ అడుగున "వర్గం" చేర్చాలి. అంటే ఈ పేజీ ఏ కోవకు చెందుతుందో ఒకటి రెండు మాటల్లో చెప్పాలి. అక్కడే గొడవ మొదలైంది. "హిందూ పండుగలు" అని పెడదామని ఒక అబ్బాయి అన్నాడు, అలా పెడితే ఎక్కువమంది చూస్తారని అతని ఉద్దేశం. "గిరిజన పండుగలు" అంటే చాలునని ఇంకొకరు అన్నారు. "వ్యవసాయ పండుగలు అని ఎందుకు అనకూడదు? విత్తనం గురించే కదా ఇదంతా" అని ఒక అమ్మాయి అడిగింది. పెద్దాయన్ని అడిగితే నవ్వి, "మా ఊళ్లో దీన్ని పండుగ అంటాం బాబూ, ఇంకో పేరు పెట్టే పని మాకెప్పుడూ పడలేదు" అన్నాడు.

పేజీ మొత్తం రాయడానికి ఒక పూట పట్టింది. ఆ రెండు మాటల కోసం రాత్రి భోజనాలు చల్లారిపోయేదాకా మాట్లాడుకున్నాం. అప్పటినుంచి ఒక ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. ఒక మనిషి గానీ, ఒక పండుగ గానీ, ఒక భాష గానీ ఏ కోవకు చెందుతుందో చెప్పే హక్కు ఎవరిది? ఆ హక్కు న్యాయంగా వాడుతున్నారో లేదో మనకు ఎలా తెలుస్తుంది? యువకులకూ ఉపాధ్యాయ మిత్రులకూ ఆ ఆలోచనలే ఇక్కడ చెప్పాలనుకుంటున్నాం.

వర్గం అంటే ఏమిటి

ముందు పని ఎలా జరుగుతుందో చూద్దాం. వికీపీడియాకు జీతం తీసుకునే రచయితలు లేరు. తీరిక ఉన్నవాళ్లు, ఇష్టం ఉన్నవాళ్లు రాస్తారు, దిద్దుతారు. తెలుగులో వాళ్లను వాడుకరులు అంటారు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. పేజీలను వర్గాలుగా పేర్చే ఏర్పాటు 2004లో వచ్చింది. అప్పటిదాకా వ్యాసాలకు లంకెలూ జాబితాలూ మాత్రమే ఉండేవి.

పేజీ అడుగున రెండేసి చదరపు బ్రాకెట్ల మధ్య "వర్గం" అని రాసి, పక్కన పేరు రాస్తే చాలు. ఆ పేజీ దానంతటదే ఆ వర్గం జాబితాలో చేరుతుంది. ఒక పేజీని ఎన్ని వర్గాల్లోనైనా పెట్టవచ్చు. ఒక వర్గం ఇంకో పెద్ద వర్గం కింద ఉంటుంది, రెండు మూడు పెద్ద వర్గాల కింద కూడా ఉండవచ్చు. కాబట్టి ఇది ఒకే కాండం ఉన్న చెట్టులా ఉండదు. అడవిలో తీగలు అల్లుకున్నట్టు ఉంటుంది. ఎవరైనా వర్గం చేర్చవచ్చు, ఎవరైనా తీసేయవచ్చు. ఎవరు ఏ రోజు ఏం మార్చారో "చరిత్ర" అన్నచోట నొక్కితే కనబడుతుంది. ఎందుకు మార్చారని అడగడానికి ప్రతి పేజీకీ ఒక చర్చ పేజీ ఉంది. అందరికీ సంబంధించిన మాటలకు ఒక పెద్ద చర్చావేదిక ఉంది. దానికి మనవాళ్లు "రచ్చబండ" అని పేరు పెట్టుకున్నారు.

ఇంగ్లీషు వికీపీడియాలో ఇందుకు చాలా నియమాలు ఏర్పడ్డాయి. ఒక వర్గం పెట్టాలంటే ఆ లక్షణం ఆ మనిషినో వస్తువునో గుర్తుపట్టడానికి ముఖ్యమైనదై ఉండాలి. నమ్మదగిన రచనలు ఆ విషయాన్ని మాటిమాటికీ చెబుతూ ఉండాలి. వ్యాసంలో దానికి ఆధారం ఉండాలి. వర్గం పేరు ఎవరి పక్షమూ వహించకూడదు. ఏదైనా వర్గం తప్పనిపిస్తే దాన్ని చర్చకు పెడతారు. కనీసం ఏడు రోజులు మాట్లాడుకుని, చేతులు లెక్కపెట్టకుండా, ఎవరి కారణం బలంగా ఉందో చూసి తేలుస్తారు.

ఇందులో ఒక మెలిక ఉంది. వ్యాసంలో మనం "కొందరు ఇలా అంటారు, ఇంకొందరు అలా అంటారు" అని రాయవచ్చు. వర్గంలో ఆ వీలు లేదు. ఉంటే ఉంది, లేకపోతే లేదు. "హిందూ పండుగలు" అన్న వర్గంలో మన విత్తనాల పండుగను చేర్చిన తర్వాత, పక్కన "కానీ" అన్న మాట రాయడానికి చోటుండదు. వ్యాసంలో ఎంత జాగ్రత్తగా రాసినా, అడుగున ఉన్న రెండు మాటలు తీర్పు చెప్పేస్తాయి. మన పిల్లలు పూర్తి వ్యాసం చదవకపోవచ్చు, ఆ జాబితా మాత్రం చూస్తారు. మనం రాత్రంతా తగువులాడింది అందుకే.

ప్రశ్నించడానికి వీల్లేని గడి

మనల్ని గడుల్లో వేయడం కొత్తగా మొదలైంది కాదు. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణ భారతదేశపు కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు ప్రచురించాడు. అందులో మనమందరం ఇంగ్లీషు అక్షరాల వరసలో ఉన్నాం. అడవిలో ఎవరి పక్కన ఎవరు బతుకుతున్నారు, ఎవరికి ఎవరు బంధువులు అన్నది ఆ వరసకు పట్టలేదు.

అంతకన్నా ఘోరమైన గడి 1871లో వచ్చింది. నేరస్థ తెగల చట్టం అని దానికి పేరు. ముందు ఉత్తరాది ప్రాంతాల్లో అమలైంది, 1911 చట్టంతో మద్రాసు రాజధానికీ వచ్చింది. ఎరుకలవాళ్లను ఆ జాబితాలో చేర్చారు. స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో ఉంచారు. అక్కడ పుట్టిన బిడ్డ ఏ తప్పూ చేయకముందే నేరస్థుల తెగకు చెందినదైంది. ఆ చట్టంలో ఇంకొక మాట ఉంది, దాన్ని మన యువకులు తెలుసుకోవాలి. ఒక తెగను నేరస్థ తెగగా ప్రకటించాక, ఆ ప్రకటన చెల్లుతుందా లేదా అని ఏ న్యాయస్థానమూ ప్రశ్నించకూడదని 1871 చట్టంలోనే రాసుకున్నారు. గడి కట్టినవాళ్లే తలుపు కూడా మూసేశారు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. కానీ ఆ మాట ఎన్నేళ్లు జనం నోట్లో, పోలీసు స్టేషన్లలో బతికిందో స్టువర్టుపురం పేరు చెప్పుకోవడానికి జంకిన మన అన్నలను అడిగితే తెలుస్తుంది.

అలాగని ప్రతి గడీ మనకు శత్రువే అనలేం. రాజ్యాంగం 342వ అధికరణం కింద ఉన్న షెడ్యూల్డు తెగల జాబితా కూడా ఒక గడే. దాని వల్లనే మనలో చాలామందికి చదువు, ఉద్యోగం, చట్టసభలో చోటు వచ్చాయి. అయితే ఆ గడికీ వింత లక్షణాలున్నాయి. ఒకే గోర్ బోలి మాట్లాడే బంజారాలు తెలుగు రాష్ట్రాల్లో షెడ్యూల్డు తెగ, కర్ణాటకలో షెడ్యూల్డు కులం, మహారాష్ట్రలో విముక్త జాతి. బస్సెక్కి సరిహద్దు దాటితే మనిషి మారడు, గడి మారుతుంది. కాబట్టి ఆ జాబితా పరిపాలన కోసం గీసిన గీత. అవసరమైన గీత, కానీ ఆ మనుషులెవరో పూర్తిగా చెప్పే మాట కాదు. 

ఊళ్ల సంగతీ అంతే. చింతూరు మండలంలోని ఒక కోయగూడెం 2014 దాకా ఖమ్మం జిల్లా, ఆ తర్వాత తూర్పు గోదావరి జిల్లా, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. గూడెం కదల్లేదు. దాని పేజీ అడుగున వర్గాలు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి మారాలి. ఆ మార్పులన్నీ పేజీ చరిత్రలో తేదీలతో సహా నిలిచి ఉంటాయి. పోలవరం ముంపు గురించి చదివే పిల్లవాడికి ఆ చరిత్రే ఒక పాఠం.

వేరుగా చూపడం, వేరు చేయడం

2013 ఏప్రిల్‌లో అమెరికాలో ఒక సంగతి జరిగింది. అమాండా ఫిలిపాచీ అనే నవలా రచయిత్రి ఇంగ్లీషు వికీపీడియా చూస్తుంటే, "అమెరికన్ నవలాకారులు" అన్న వర్గంలోంచి స్త్రీల పేర్లు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. వాటిని "అమెరికన్ మహిళా నవలాకారులు" అన్న ఉపవర్గంలోకి మారుస్తున్నారు. ఏ, బీ అక్షరాలతో ఇంటిపేర్లు మొదలయ్యేవాళ్ల మీద ఆ దెబ్బ ముందుగా పడింది. ఆమె న్యూయార్క్ టైమ్స్‌లో దీని గురించి రాసింది. ఆ మార్పు చేసినవాళ్లు పెద్ద జాబితా బరువు తగ్గిద్దామని అనుకుని ఉండవచ్చు. కానీ ఫలితం ఏమిటి? పెద్ద వర్గంలో మగవాళ్లు మిగిలారు. అంటే నవలాకారుడంటే మగవాడు, స్త్రీ అయితే అదొక ప్రత్యేక రకం. గట్టి చర్చే జరిగింది. ఇంగ్లీషు వికీపీడియా నియమం ఏం చెబుతుందంటే, స్త్రీ అనో ఫలానా జాతి అనో ఒక ఉపవర్గంలో చేర్చిన కారణంగా ఎవరినీ పెద్ద వర్గంలో కనబడకుండా చేయకూడదు. నియమం ముందే ఉంది, పాటించడమే జరగలేదు.

ఈ కథ అమెరికాదే అయినా మనకు బాగా తెలిసిన కథ. ఈ పుస్తకం అట్ట మీద కూడా "గిరిజన రచయితలు" అన్న మాట ఉంది. దాన్ని మనమే పెట్టుకున్నాం, గర్వంగానే పెట్టుకున్నాం. కానీ ఆ మాట కారణంగా రేపు ఎవరైనా మనల్ని "తెలుగు రచయితలు" అన్న వర్గంలోంచి తీసేస్తే ఊరుకుంటామా? తెలుగు కథ గురించి సభ పెట్టి, మనవాళ్లను చివరిరోజు మధ్యాహ్నం "గిరిజన సాహిత్యం" అన్న ఒక్క గంటలో కూర్చోబెట్టడం మనలో చాలామంది చూసిందే. వేరుగా చూపడం ఒకటి, వేరు చేయడం ఇంకొకటి. మొదటిదానితో మన ఉనికి కనబడుతుంది. రెండోదానితో మన చోటు పోతుంది. "గిరిజన రచయితలు" అన్న వర్గం ఉండాలి, ఆ పేర్లన్నీ "తెలుగు రచయితలు"లోనూ ఉండాలి. ఏ భాషలో రాసేవాళ్లు ఆ భాషా రచయితల్లోనూ ఉండాలి.

చరిత్రలోనూ ఇదే చిక్కు. 1922–24 రంప తిరుగుబాటు తీసుకోండి. గాం గంటందొర బట్టిపనుకుల మునసబుగా పనిచేసినవాడు, అధికారులతో తగవు పడి ఆ పని పోగొట్టుకున్నవాడు. అతని తమ్ముడు గాం మల్లుదొర పట్టుబడి, అండమాన్ శిక్ష అనుభవించి, 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. వీళ్లిద్దరినీ "అల్లూరి సీతారామరాజు అనుచరులు" అన్న వర్గంలో పెడితే అందులో అబద్ధమేమీ లేదు. కానీ అదొక్కటే పెడితే, వాళ్లు తమ కొండల కోసం, తమ జనం వెట్టి పోవాలని, తమ కారణాలతో లేచారన్న నిజం మరుగునపడుతుంది. "స్వాతంత్ర్య సమరయోధులు", "ఆదివాసీ నాయకులు", మల్లుదొర విషయంలో "మొదటి లోక్‌సభ సభ్యులు", ఇవన్నీ వాళ్లకు న్యాయంగా చెందాల్సినవి. 1940లో జోడేఘాట్‌లో నిజాం బలగాల చేతిలో నేలకొరిగిన కొమురం భీం విషయంలోనూ అంతే. ఆయన్ని ఒక తెగ వీరుడిగా మాత్రమే చూపే వర్గం ఆయన అడిగిన జల్, జంగల్, జమీన్‌ను ఒక జిల్లా సంగతిగా కుదించేస్తుంది. ఒక్కో వర్గం నిజమే చెప్పవచ్చు. ఏయే నిజాలు వదిలేశామన్నదాంట్లో అన్యాయం దాగుతుంది.

పేరులోనే ఉన్న చిక్కు

అసలు "గిరిజన" అన్న మాటే చూడండి. గిరి అంటే కొండ. యానాదులు చాలామంది మైదానాల్లో, సముద్రపు ఒడ్డున, వాగుల దగ్గర బతుకుతారు. ఎరుకలవాళ్లు ఊళ్లలో, పట్నాల్లో ఉంటారు. కొండలేని గిరిజనులు! "ఆదివాసీ" అందామంటే ఆ మాట ఎవరికి చెందుతుందన్న దాని మీద మనలో మనకే అభిప్రాయభేదాలున్నాయి. మా గదిలో కూడా ఆ మాట దగ్గర కాసేపు అందరం మౌనంగా కూర్చున్నాం. ఆ వివాదాన్ని ఈ వ్యాసంలో తేల్చబోం. కానీ వర్గం పేరు రాయడానికి వేలు మీట మీద పెట్టగానే మనం ఆ వివాదంలో ఒక పక్క నిలబడినట్టే అవుతుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

"గిరిజన భాషలు" అన్న వర్గం ఇంకా మంచి ఉదాహరణ. గోండి, కోయ, కొలామి, కువి తెలుగుకు చుట్టాలు, ద్రావిడ భాషలు. సవర భాష ముండా శాఖకు చెందింది, సంతాలీకి దూరపు బంధువు. లంబాడీల గోర్ బోలి రాజస్థానీ వైపుకు చెందిన ఇండో-ఆర్య భాష. గదబలలోనైతే కొందరు మాట్లాడే గుతోబ్ ముండా భాష, మరికొందరు మాట్లాడే ఒల్లారి ద్రావిడ భాష. తెగ పేరు ఒకటే, మాట రెండు కుటుంబాలది. వీటన్నిటినీ ఒకే గంపలో వేసి "గిరిజన భాషలు" అంటే, ఆ భాషల గురించి మనకు తెలిసేది ఒక్కటే, వాటిని మాట్లాడేవాళ్లు పేదవాళ్లనీ అడవివాళ్లనీ. భాషాశాస్త్రం విద్యార్థికి కావలసింది "ద్రావిడ భాషలు", "ముండా భాషలు" అన్న వర్గాలు. తెలుగుతో సమానంగా గోండి అక్కడ నిలబడుతుంది. అక్కడ అది చిన్న భాష కావచ్చు, తక్కువ భాష కాదు.

మతం దగ్గర చిక్కు ఇంకా లోతుగా ఉంటుంది. మేడారంలో సమ్మక్క, సారలమ్మలకు విగ్రహాలు లేవు. సమ్మక్క చిలకలగుట్ట మీంచి, సారలమ్మ కన్నేపల్లి నుంచి గద్దెలకు వస్తారు. కోయ పూజారులు తెస్తారు. ఆ జాతరకు లక్షలమంది హిందువులు మొక్కులతో వస్తారు, బంగారమని బెల్లం ఇస్తారు. కాబట్టి "హిందూ పండుగలు" అనేవాళ్లు గాలిలోంచి మాట్లాడటం లేదు. "మా పెద్దల కొలుపు ఇది, వేరే మతం పేరు కింద పెట్టొద్దు" అనే కోయ యువకుడూ గాలిలోంచి మాట్లాడటం లేదు. జనాభా లెక్కల్లో కూడా మన కొలుపులకు వేరే గడి లేదు, "ఇతర మతాలు" అన్న మూట ఒకటుంది. అందుకే జార్ఖండ్ శాసనసభ 2020 నవంబరులో సర్నా కోసం వేరే కోడ్ కావాలని తీర్మానం చేసింది. ఒక దేశం దశాబ్దాలుగా తేల్చుకోలేని ప్రశ్నను వికీపీడియాలో ఒక డిగ్రీ కుర్రాడు ఒక సాయంత్రం తేల్చేయాల్సి వస్తుంది. ఇలాంటిచోట వికీపీడియా వాళ్ల పద్ధతి మాకు మంచిదనిపించింది. వివాదం ఉన్నప్పుడు ఆ వివాదాన్ని వ్యాసంలో రాయాలి, వర్గంలో తీర్పు చెప్పకూడదు. "తెలంగాణ జాతరలు" అన్నచోట ఎవరికీ అభ్యంతరం ఉండదు. "కోయల సంస్కృతి" అన్నచోటా ఉండదు. మిగతాది వ్యాసంలో రెండు వైపులా వినిపించాలి.

మన దగ్గర పేర్చడం లేదా?

ఇంత చెప్పాక ఎవరైనా అడగవచ్చు: అసలు పేర్చడమే తప్పా? కాదు. మనం పేర్చకుండా ఎప్పుడున్నాం? గోండుల్లో నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలున్నాయి. ఎవరు ఏ సగకు చెందుతారో తెలిస్తే ఎవరు అన్నదమ్ములో, ఎవరింటి పిల్లను చేసుకోవచ్చో, చావుకూ పండుగకూ ఎవరు ఎక్కడ నిలబడాలో తెలుస్తుంది. అడవిలో ఆకు చూసి ఇది కూర, ఇది మందు, ఇది విషం అని చెప్పే మన అమ్మమ్మలు ఏ గ్రంథాలయాధికారికీ తీసిపోరు. తేడా ఎక్కడుందంటే, ఆ వరసలు లోపల బతికేవాళ్లు కట్టుకున్నవి. ఒకరిని ఇంకొకరికి కలపడానికి కట్టుకున్నవి.

కెనడాలో బ్రయన్ డీర్ అనే మొహాక్ గ్రంథాలయాధికారి 1970లలో ఈ సంగతే పట్టుకున్నాడు. అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం పద్ధతిలో ఆదిమజాతుల పుస్తకాలు చాలావరకు అమెరికా చరిత్ర కింద ఉంటాయి. వాళ్ల నేటి పాట, నేటి చట్టం, నేటి బడి గురించిన పుస్తకం కూడా గతం అరలోకే పోతుందన్నమాట. పైగా వరస అక్షరాలది. డీర్ ఆదిమజాతుల దృష్టితో వేరే పద్ధతి తయారుచేశాడు. నేల మీద ఇరుగుపొరుగున ఉన్న జాతుల పుస్తకాలు అరలోనూ ఇరుగుపొరుగున ఉండేలా చూశాడు. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలోని ఒక ఆదిమజాతుల గ్రంథాలయం ఆ పద్ధతిని తన అవసరాలకు తగ్గట్టు మార్చుకుని వాడుతోంది. మన దేశంలో సంతాలీలు ఇంకో దారి చూపించారు. 2018లో ఓల్ చికి లిపిలో సంతాలీ వికీపీడియా మొదలైంది. అక్కడ వర్గాల పేర్లు వాళ్ల భాషలో, వాళ్ల లిపిలో ఉంటాయి. ఆదిలాబాద్ గుంజాల గ్రామంలో దొరికిన గోండి లిపి కూడా అదే 2018లో యూనికోడ్‌లో చేరింది. అంటే ఆ లిపిలో రాయడానికి కంప్యూటర్ అడ్డం కాదు. రాసేవాళ్లు కావాలి.

కలం చేతికొచ్చాక

కలం మన చేతికొస్తే అన్నీ బాగుపడతాయని అనుకుంటే పొరపాటే. మేమూ తప్పులు చేశాం. తోటివాళ్లు పాడే కథల గురించి రాసి, "గోండు సంస్కృతి" అన్న వర్గంలో పెట్టి చేతులు దులుపుకున్నాం. తోటి తెగకు తన పేరు, తన బతుకు ఉన్నాయి. పెద్ద తెగ నీడలో చిన్న తెగ పేరు చెరిపేస్తే, మనల్ని బయటివాళ్లు చేసిందే మనం చేసినట్టు. ప్రభుత్వం "ఆదిమ తెగలు" అన్న అర్థంలో వాడిన ఇంగ్లీషు పేరును 2006లో మార్చుకుని, ప్రత్యేకించి దుర్బలమైన తెగలు అని అనసాగింది. మన ఆఫీసు కాగితాల్లో, మన నోళ్లలో పాత మాట ఇంకా తిరుగుతూనే ఉంది.

ఇంకొక సంగతి, బతికున్న మనుషుల గురించి. పట్నంలో ఉద్యోగం చేస్తున్న ఒక కళాకారుడి పేజీ మీద మా పిల్లవాడొకడు ఉత్సాహంగా అతని తెగ పేరుతో వర్గం పెట్టాడు. "మనవాడని అందరికీ తెలియాలి సార్" అన్నాడు. అతని మనసు మంచిదే. కానీ ఆ కళాకారుడు ఎక్కడా ఆ మాట చెప్పుకోలేదు. బతికున్న మనిషి మతం గురించి వర్గం పెట్టాలంటే ఆ మనిషే బహిరంగంగా చెప్పి ఉండాలని ఇంగ్లీషు వికీపీడియా నియమం. కులం విషయంలోనూ భారతీయుల పేజీలు రాసేవాళ్లు అదే పాటిస్తారు. తెగకూ అదే వర్తించాలి. అద్దె ఇల్లు దొరకదేమోనన్న భయంతోనో, మరే కారణంతోనో మౌనంగా ఉన్నవాడి మౌనం అతనిది. గర్వం కోసమైనా సరే, దాన్ని మనం విప్పకూడదు. ఆ వర్గం తీసేశాం. పిల్లవాడు నొచ్చుకున్నాడు. రెండు రోజుల తర్వాత తానే వచ్చి, "నేను హాస్టల్లో చేరినప్పుడు నన్ను కూడా అలా ఎవరైనా చెప్పేస్తే బాధపడేవాణ్ణి సార్" అన్నాడు.

ఇవన్నీ చూశాక మాకు ఒక మాట స్థిరపడింది. ఒక వర్గం న్యాయమైనదో కాదో తేల్చడానికి మూడు ప్రశ్నలు వేసుకోవాలి. అందులో ఉన్నవాళ్లు ఆ పేరు విని "అవును, మేమే" అంటారా? ఆ పేరు పెట్టడం వల్ల వాళ్లకు పెద్ద జాబితాలో ఉన్న చోటు పోతోందా? అది తప్పని చెప్పాలనుకుంటే చెప్పడానికి చోటుందా, వినే మనిషి ఉన్నాడా? మూడింటిలోనూ మూడోది ముఖ్యం. మొదటి రెండింటిలో ఎవరైనా పొరపడవచ్చు, దిద్దుకోవచ్చు. దిద్దే దారి మూసేస్తే ఆ పొరపాటే బంధిఖానా అవుతుంది. 1871 చట్టం చేసింది అదే. వికీపీడియా వర్గానికీ ఆ చట్టం జాబితాకూ ఉన్న అసలు తేడా అక్కడే ఉంది. ఇక్కడ చర్చ పేజీ ఉంది.

అయితే చర్చ పేజీ ఉన్నంత మాత్రాన న్యాయం జరగదు. ఊరి రచ్చబండ మాట మనకు తెలుసు. అది అందరిదీ అనేవారు, దాని మీద అందరూ కూర్చున్నారా? వికీపీడియా రచ్చబండ మీద కూర్చోవడానికి ఎవరూ అడ్డుపెట్టరు. కానీ సిగ్నల్ లేని గూడెం, ఫోను ఛార్జింగుకు సంతకు నడిచే తండా అక్కడికి ఎలా చేరతాయి? ఉన్నవాళ్ల మధ్య కుదిరిన ఏకాభిప్రాయం లేనివాళ్ల మీద కూడా అమలవుతుంది. పైగా అచ్చులో ఆధారం చూపమంటారు. మన పెద్దాయన నోటిమాట అచ్చులో లేదు. నోటి మాటను ఆధారంగా తీసుకునే ప్రయత్నం 2011లో ఇండియాలోనూ దక్షిణాఫ్రికాలోనూ జరిగింది, కానీ అది ఇంకా అందరూ ఒప్పుకున్న పద్ధతి కాలేదు. అందుకే ఇలాంటి చిన్న పుస్తకాలు కూడా పనికొస్తాయి. ఈ రోజు ఇక్కడ అచ్చయింది రేపు ఒక చర్చలో ఆధారం కావచ్చు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక సూచన. తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక పీరియడ్ ఇవ్వండి. తమ ఊరినో, తమ పండుగనో, తమ తాతనో తీసుకుని, "ఇది ఏ కోవకు చెందుతుంది?" అని ఐదు వర్గాలు రాయమనండి. తర్వాత ఒక్కొక్కదాన్ని ఎందుకు పెట్టారో, ఏది వదిలేశారో చెప్పమనండి. కంప్యూటర్ లేకపోయినా నల్లబల్ల చాలు. మన గురించి మనం ఆలోచించడానికి ఇంతకన్నా చవకైన పాఠం మాకు తోచలేదు.

మా విత్తనాల పండుగ పేజీకి చివరికి "కోయల సంస్కృతి", "వ్యవసాయ పండుగలు" అన్న రెండు వర్గాలు పెట్టాం. మతం పేరుతో వర్గం ఎందుకు పెట్టలేదో చర్చ పేజీలో నాలుగు వాక్యాలు రాశాం. వాటి కింద మాలో ఒప్పుకోనివాళ్ల మాట కూడా రాశాం. పెద్దాయనకు చదివి వినిపిస్తే, "రేపు ఎవరైనా వచ్చి మార్చేస్తే?" అని అడిగాడు. మళ్లీ మాట్లాడతామన్నాం. "అయితే సరే, నన్ను కూడా పిలవండి" అన్నాడు.